తాత వయొలిన్‌కు కొత్త మెడ చెక్కాలి, ఇదే మొదటిసారి. సలహా కావాలి

మూడో_తీగ | తిరుపతి | జూన్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది కొర్లగుంట. మా తాత నలభై ఏళ్లు వాయించిన వయొలిన్ ఇంట్లో ఉంది. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. కిందటి సంక్రాంతికి ఇల్లు సర్దుతుంటే బీరువా మీద నుంచి పెట్టెతో సహా కింద పడింది. మెడ విరిగింది. నడుమకు కాదు, మెడ వచ్చి ఒంటికి అతుక్కునే మడమ దగ్గర. ఒక దుకాణంలో ఇస్తే రెండు రోజుల్లో అతికించి ఇచ్చారు. తీగలు బిగించాక మూడు వారాలకు మెడ ముందుకు వాలిపోయింది. ఇప్పుడు ఫింగర్‌బోర్డు (మెడ మీద వేళ్లతో నొక్కే పట్టీ) చివర చెక్కకూ తీగకూ మధ్య నా చిటికెన వేలు దూరుతుంది. నొక్కితే వేళ్లు కోసుకుపోతున్నాయి.

నాకు చెక్కపని కొంత వచ్చు. స్టూళ్లు, పుస్తకాల అర, మా ఇంటి పూజా మందిరం నేనే చేశాను. వాయిద్యం జోలికి ఎప్పుడూ పోలేదు. మెడ మొత్తం కొత్తది చేద్దామనుకుంటున్నాను. ఇంట్లో మంచి టేకు ముక్క ఉంది, పనికొస్తుందా? కొలతలు పాత మెడ నుంచే తీసుకోవచ్చా?

ఇంకో మాట. పాత మెడను పారేయడానికి జేజి ఒప్పుకోవడం లేదు. స్క్రోల్‌కు, అంటే మెడ కొసన ఉండే చుట్టకు, ఒక పక్క వార్నిష్ అంతా అరిగి చెక్క నున్నగా మెరుస్తుంటుంది. తాత కుడి పాదం మీద ఆనించుకున్న చోటు అది.


ఉలిదెబ్బ | చిత్తూరు | జూన్ 2, రాత్రి 10:15

తమ్ముడూ, ముందు ఏమీ కోయొద్దు. నేను వడ్రంగం పనిలో ఉన్నాను, వయొలిన్ చేయలేదు గానీ రెండు వీణలకు మరమ్మతు చేశాను. టేకు గట్టిదే, కానీ దాంట్లో నూనె ఉంటుంది, జిగురు సరిగ్గా పట్టదు. మెడకు అతుకే ప్రాణం. ఆ ముక్కను వేరే పనికి దాచుకో.

పాత మెడ కొలతలు తీసుకోవచ్చు, కానీ వంగిపోయిన మెడ వాలును మాత్రం కాపీ కొట్టకు. వంకర మెడను చూసి చేస్తే కొత్తది కూడా వంకరే వస్తుంది.


మైలాపూర్_తిరుపతోడు | చెన్నై | జూన్ 3, ఉదయం 6:50

నేను పుట్టి పెరిగింది భవానీ నగర్‌లో. ఇప్పుడు మద్రాసులో వయొలిన్ల రిపేరు పని, పద్దెనిమిదేళ్లుగా. మీరు రాసింది చదవగానే ఒక అనుమానం వచ్చింది. చిన్న అయస్కాంతం తీసుకుని మడమ వెనక వైపు మెల్లగా జరపండి. ఎక్కడైనా లాగితే లోపల స్క్రూ ఉన్నట్టే. విరిగిన మడమకు స్క్రూ కొట్టి పైన లప్పం పెట్టి రంగు వేయడం చాలా చోట్ల చూశాను. దాని మీద రంపం పెడితే రంపం పళ్లు పోతాయి, ఆ కుదుపుకు వీపు పలక మీది బటన్ కూడా ఊడుతుంది. బటన్ అంటే వీపు పలక పైభాగంలో అర్ధచంద్రంలా బయటికి వచ్చి మడమ కింద ఆనే చిన్న నాలుక. అది పోతే పని పదింతలవుతుంది.

అతికించింది తెల్ల జిగురుతో అయి ఉండాలి. బల్లలకూ తలుపులకూ అది మంచిదే. కానీ ఆగకుండా లాగుడు మీద ఉంటే ఎండిపోయాక కూడా అది కొంచెం కొంచెంగా జారుతుంది. పాశ్చాత్య శ్రుతిలో నాలుగు తీగల లాగుడు కలిపితే 20 కిలోలు దాటుతుంది. మనం శ్రుతి దించి కట్టుకుంటాం కాబట్టి కాస్త తక్కువ, అయినా రాత్రీ పగలూ లాగుతూనే ఉంటుంది కదా. పైగా తిరుపతి వేసవి. మూడు వారాలు నిలిచిందంటే అదే గొప్ప.

ఇక కొలతలు. మొదట మీ వయొలిన్ ఒళ్లు కొలవండి. మెడ కొలత ఒంటి మీద ఆధారపడుతుంది. నిండు సైజు వయొలిన్ ఒళ్లు సుమారు 356 మి.మీ. పై అంచు నుంచి, తీగలను మోసే బ్రిడ్జి నిలిచే గీత దాకా, అంటే ఎఫ్ రంధ్రాల లోపలి గాట్ల దాకా, 195 ఉండాలి. మెడ, అంటే నట్ (తల దగ్గర తీగలు ఆనే చిన్న మెట్టు) నుంచి ఒంటి అంచు దాకా, 130. ఈ రెండింటి నిష్పత్తి 2:3. ఏ వయొలిన్ పట్టుకున్నా వేళ్లు స్వరం మీద పడేది ఈ నిష్పత్తి వల్లే. మీది కొలిచి చెప్పండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.


మూడో_తీగ | జూన్ 3, రాత్రి 8:30

అన్నా, అయస్కాంతం అతుక్కుంది! మడమ నట్టనడుమ. లప్పం గీకితే స్క్రూ తల కనిపించింది, నెమ్మదిగా తిప్పి తీశాను. రెండంగుళాల స్క్రూ. దాని చుట్టూ చెక్క నిలువునా చీలి ఉంది.

ఒళ్లు 356. బ్రిడ్జి గీత దాకా 194 వచ్చింది, మూడు సార్లు కొలిచాను.


మైలాపూర్_తిరుపతోడు | జూన్ 3, రాత్రి 9:05

194కు మూడింట రెండు వంతులు 129.3. కాబట్టి మీ మెడ 129 నుంచి 129.5 మధ్య ఉండాలి. కోసేటప్పుడు 130 పెట్టుకోండి. అతుకు కుదుర్చుకుంటూ చెక్కేకొద్దీ మెడ లోపలికి దిగుతుంది, అర మిల్లీమీటరు ఎటూ పోతుంది.

మడమ చీలిపోయింది కాబట్టి పాత మెడ ఇక నిలవదు. తల మాత్రం బాగుంటే దాని గురించి వేరుగా ఆలోచించాలి. ఫొటో పెట్టండి.


మాధవమాల_మనవడు | ఏర్పేడు | జూన్ 4, మధ్యాహ్నం 1:20

మాది మాధవమాల. మా ఇంట్లో మూడు తరాలుగా కొయ్య బొమ్మలు చెక్కుతున్నారు. తల చెక్కడానికి సాయం కావాలంటే చెప్పండి, స్క్రోల్ లాంటి చుట్టలు మాకు కొత్త కాదు.

నాదొక సందేహం. మన శేషాచలంలోనే ఎర్రచందనం ఉంది కదా. జపాన్‌లో షమిసెన్ అనే మూడు తీగల వాయిద్యానికి మెడ ఈ చెక్కతోనే చేస్తే మేలురకం అంటారు. మరి వయొలిన్ మెడకు ఎందుకు వాడరు? పాత సామాను చెక్క ఎవరి దగ్గరైనా దొరికితే వాడొచ్చా?


నిర్వాహకులు | జూన్ 4, మధ్యాహ్నం 2:00

ఎర్రచందనం అనుమతి పత్రం లేకుండా కొనడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. లైసెన్సు ఉన్న చేతివృత్తి వారి సంగతి వేరు. దయచేసి ఈ చర్చలో ఎవరూ ఎర్రచందనం ఎక్కడ దొరుకుతుందో అడగొద్దు, చెప్పొద్దు.


మైలాపూర్_తిరుపతోడు | జూన్ 4, సాయంత్రం 6:10

షమిసెన్ సంగతి నిజమే. జపాన్ వాళ్లు ఈ కలపకు అంత విలువ ఇవ్వడానికి అదొక కారణం. కానీ ఆ వాయిద్యం కట్టు వేరు. మంచి ఎర్రచందనం చేవ నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. వయొలిన్ మెడకు వాడే మేపుల్ చెక్క సాంద్రత నీటిలో మూడింట రెండు వంతులకు అటూ ఇటూ. వయొలిన్ మొత్తం బరువు అర కిలో లోపే ఉంటుంది. తల వైపు బరువు పెరిగితే వాయించే మనిషికి వెంటనే తెలిసిపోతుంది, నాదం కూడా మారుతుంది. అందుకే మెడకు మేపుల్, దాని మీద ఫింగర్‌బోర్డుకు ఎబొనీ అనే నల్ల చేవ చెక్క. ఇన్ని వందల ఏళ్లు ఇన్ని దేశాల్లో ఇదే నిలిచిందంటే కారణం ఉంది.

మేపుల్ దొరకడం కష్టమేమీ కాదు. ఫర్నిచర్ కోసం దిగుమతి చేసుకునే టింబర్ డిపోల్లో ఉంటుంది. కొనేటప్పుడు పక్క నుంచి చూడండి. పోగులు మెడ పొడవునా నేరుగా పోవాలి. ఏటవాలుగా బయటికి వచ్చేస్తే, బిరడలుండే పెగ్‌బాక్స్ దగ్గర ఒకరోజు పుటుక్కుమంటుంది. ఆరిందా లేదా అని అడగండి. అంగుళం మందం చెక్క నీడలో ఆరడానికి ఏడాది అని లెక్క, మెడ దుంగ రెండంగుళాలు.


శ్రుతిపెట్టె | తిరుపతి | జూన్ 5, ఉదయం 11:30

నేను వయొలిన్ నేర్పుతాను, చెక్కపని తెలియదు. వాయించే చేతి వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను బాబూ.

మన దగ్గరికి వయొలిన్ ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల వారి కాలంలో వచ్చింది. వాయిద్యం కొలతలను మనవాళ్లు మార్చలేదు, కూర్చునే తీరు మార్చుకున్నారు. నేల మీద కూర్చుని ఒక చివర ఎడమ భుజం దగ్గర ఎదకూ, ఇంకో చివర కుడి పాదానికీ ఆనిస్తాం. దాంతో ఎడమ చేతికి వాయిద్యాన్ని మోసే పని తప్పుతుంది, మెడ మీద పైకీ కిందకీ స్వేచ్ఛగా జారుతుంది. తోడి రాగంలో గాంధారం పట్టి చూడండి, వేలు ఒక చోట నిలవదు. జారులో బొటనవేలు మెడ వెనక మొదటి నుంచి మడమ దాకా ప్రయాణం చేస్తుంది. అక్కడ చిన్న గుబ్బ ఉన్నా, పల్లం ఉన్నా, ఆ గమకం ప్రతిసారీ అక్కడే తడబడుతుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇద్దరికి ఇదే ఇబ్బంది. ఎంత సాధన చేసినా పోలేదు, మెడ సాపు చేయించాక పోయింది.

రెండో సంగతి, మెడ వెనక చేయి తగిలే చోట వార్నిష్ పూయకండి. చెమటకు అంటుకుని బొటనవేలు పట్టేస్తుంది. మన ఊళ్లో మే నెలలో కచేరీ చేసిన వాళ్లకు ఇది బాగా తెలుసు.

మూడోది మీ తాతగారి స్క్రోల్. ఆ అరుగుదల ఆయన కూర్చున్న పద్ధతికి గుర్తు. తలను అలాగే ఉంచి మెడ మాత్రం మార్చే పద్ధతి ఉందని విన్నాను. చెన్నై వారు చెప్పాలి.


మైలాపూర్_తిరుపతోడు | జూన్ 5, రాత్రి 9:45

ఉందమ్మా. దాన్ని గ్రాఫ్ట్ అంటాం. పెగ్‌బాక్స్, స్క్రోల్ పాతవే ఉంటాయి. పెగ్‌బాక్స్ కింది చివర పాత మెడ చెక్కను కోసేసి, లోపల ఏటవాలు గాడి చేసి, కొత్త మెడ చివరను చీలలాగా సన్నగా చెక్కి రెండు గోడల మధ్యకు దించుతాం. బయటి నుంచి చూస్తే పెగ్‌బాక్స్ పక్కన సన్నటి గీత ఒక్కటే కనిపిస్తుంది.

ఇటలీలో వయొలిన్లు చేసిన స్ట్రాడివరీ 1737లో పోయారు. ఆయన కాలంలో మెడను ఒంటి లోపలి చెక్క దిమ్మకు, అంటే బ్లాక్‌కు, మేకులు కొట్టి బిగించేవారు, వాలు కూడా తక్కువ. 1800కు అటూ ఇటూ సంగీతం పెద్ద హాళ్లలోకి వెళ్లింది, మెడ పొడవూ వాలూ పెంచాల్సి వచ్చింది. ఈ రోజు వాయిస్తున్న ఆయన వయొలిన్లలో దాదాపు అన్నిటికీ మెడ తర్వాతి వాళ్లు వేసిందే, తలలు చాలావాటికి ఆయన చేసినవే. కాబట్టి మీ జేజిగారికి చెప్పండి, మెడ మార్చినంత మాత్రాన అది తాతగారి వయొలిన్ కాకుండా పోదు.


ఉలిదెబ్బ | జూన్ 6, ఉదయం 7:15

అన్నా, మీ అనుభవం ముందు నేను చిన్నవాణ్ణి. కానీ ఒకమాట అనక తప్పదు. కుర్రాడు మొదటిసారి చేస్తున్నాడు. మొత్తం మెడ కొత్తది చేస్తే ఒకే అతుకు, మడమ దగ్గర. గ్రాఫ్ట్ అయితే రెండు అతుకులు, రెండోది మూడు ముఖాల్లో ఒకేసారి కుదరాలి: రెండు పక్కలూ, అడుగూ. పెగ్‌బాక్స్ గోడ మందం ఎంత, అయిదు మి.మీ.? ఉలి ఒక్కసారి జారితే ఆ పాత తల రెండు ముక్కలు. దేన్ని కాపాడాలని మొదలుపెట్టాడో అదే పోతుంది. తల దాచిపెట్టుకుని కొత్త మెడ చేయమనండి. ఎప్పుడైనా చేయి తిరిగాక గ్రాఫ్ట్ చేసుకుంటాడు.


మైలాపూర్_తిరుపతోడు | జూన్ 6, ఉదయం 8:00

మీరన్నది న్యాయమే. అందుకే ఒక మధ్యమార్గం. నా దగ్గర పాడైపోయిన ఫ్యాక్టరీ వయొలిన్ల తలలు ఉన్నాయి, ఒక్కదానికీ పనికిరావు. మూడు పంపిస్తాను. వాటి మీద గ్రాఫ్ట్ చేసి చూడండి. మూడింటిలో చివరిదైనా సందు లేకుండా కూర్చుంటే తాతగారి తల ముట్టుకోండి. లేకపోతే వద్దు. దానికంటే ముందు మడమ అతుకు, అది నేర్చుకోవడానికి మామిడి చెక్క చాలు. ఎనిమిదేళ్లు ఆరిన మేపుల్ దుంగ కూడా ఒకటి పెడతాను, దాని వెల తర్వాత చూసుకుందాం. తిరుపతి బస్సులో పార్సిల్ వేస్తాను.


మూడో_తీగ | జూన్ 6, రాత్రి 10:20

అన్నా, ఏం చెప్పాలో తెలియడం లేదు. జేజికి మీ పోస్టులు చదివి వినిపించాను. ఆమె రెండోసారి చదవమన్నది శ్రుతిపెట్టె అమ్మగారిది.


మూడో_తీగ | జూన్ 21, సాయంత్రం 5:00

మొదటి మామిడి మెడ అయ్యింది, తప్పు కూడా అయ్యింది. ఎవరికైనా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

నట్ నుంచి 130 కొలిచి గీత పెట్టి అక్కడ కోసేశాను. తీరా గాడిలో పెట్టి చూస్తే మెడ 124 వచ్చింది. మడమ ఆరు మి.మీ. లోపల బ్లాక్ గాడిలోకి దిగుతుంది కదా, ఆ ఆరూ కలపడం మర్చిపోయాను. 130 కొలవాల్సింది ఒంటి అంచు దాకా, చెక్క చివర దాకా కాదు.

ఇంకో అనుమానం. ఫింగర్‌బోర్డు నట్ దగ్గర 24, బ్రిడ్జి వైపు చివర 42, పొడవు 270. మెడ ఒంటిని తాకే చోట వెడల్పు ఎంత ఉండాలో ఎలా తెలుస్తుంది?


మైలాపూర్_తిరుపతోడు | జూన్ 21, రాత్రి 8:40

ఈ తప్పు నేనూ నా మొదటి మెడ మీద చేశాను, అదీ మా గురువుగారి వయొలిన్‌కు. మామిడి మీద చేశారు, సంతోషం.

వెడల్పు లెక్క సులభం. 270 పొడవులో 18 మి.మీ. పెరుగుతోంది. 130 దగ్గర పెరిగేది 8.7. అంటే ఒంటి అంచు దగ్గర 32.7. గాడి పైన అంత వెడల్పు, కింద బటన్ దగ్గరికి వచ్చేసరికి 21 దాకా సన్నబడాలి. పక్కలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి మెడను కిందకు దించేకొద్దీ బిగుస్తుంది.

మెడ మందం ఫింగర్‌బోర్డుతో కలిపి నట్ వైపు 18.5 నుంచి 19, మడమ వైపు 20.5 నుంచి 21. అమ్మగారు చెప్పిన జారు సాఫీగా పోవాలంటే ఈ రెండింటి మధ్య స్కేలు పెట్టినట్టు నేరుగా పోవాలి. ఆకురాయితో పొడవునా తీయండి. ఒకచోట నిలబడి రుద్దితే అక్కడ పల్లం పడుతుంది. కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమి చూడండి.

అతుకు కుదర్చడానికి సుద్దముక్క వాడండి. గాడి లోపల సుద్ద రాసి, మెడ దించి, తీయండి. మడమ మీద ఎక్కడ తెల్లగా అంటిందో అక్కడ చెక్క ఎక్కువ. ఆ చోటే ఉలితో పొర తీయండి. మళ్లీ సుద్ద, మళ్లీ దించడం. మూడు ముఖాలూ అంతటా తెలుపు అంటేదాకా. ఇందులో తొందరపడిన వాళ్లే జిగురుతో సందులు నింపుతారు.


మూడో_తీగ | జులై 5, ఉదయం 7:30

రెండో మామిడి మెడ. పొడవు సరిగ్గా వచ్చింది. కానీ ఫింగర్‌బోర్డు పెట్టి దాని వెంట స్కేలు బ్రిడ్జి దాకా చాస్తే ఎత్తు 24.5 మాత్రమే వచ్చింది, 27 రావాలని చదివాను. పైగా పై నుంచి చూస్తే ఫింగర్‌బోర్డు ఎడమకు చూస్తోంది. రెండూ ఎలా సరిచేయాలి?


మైలాపూర్_తిరుపతోడు | జులై 5, ఉదయం 9:10

బాగా అడిగారు, ఈ పని మొత్తంలో గుండెకాయ ఇదే. మెడ మడమ చుట్టూ తిరిగే తక్కెడ దండి అనుకోండి. మడమ ఎత్తు దాదాపు 38, మడమ నుంచి బ్రిడ్జి దాకా 195. అంటే ఇక్కడ జరిగింది అక్కడ అయిదు రెట్లవుతుంది. మడమ ముఖం మీద బటన్ వైపు అర మిల్లీమీటరు తీస్తే బ్రిడ్జి దగ్గర రెండున్నర లేస్తుంది. మీకు కావాల్సింది అంతే. పై వైపు ముట్టుకోకుండా, కింద అర మి.మీ., పైకి వచ్చేసరికి సున్నా. అలా ఏటవాలుగా తీయండి.

ఎడమకు చూస్తోందంటే, మడమ ముఖం మీద కుడి పక్క వెంట్రుక మందం ఎక్కువ తీశారు. ఎడమ పక్క అంతే తీయండి. సరి చూసుకోవడానికి ఫింగర్‌బోర్డు చివరి రెండు మూలల నుంచి రెండు ఎఫ్ రంధ్రాల పై కళ్లకు దారం పట్టండి. రెండు దారాలూ సమానం రావాలి. తల వెనక నుంచి కూడా చూడండి. పొడవు, వాలు, సూటి, పక్క ఒరుగు, ఒంటి పైన మెడ ఎత్తు, అయిదూ ఒకేసారి చూసుకోవాలి. ఒకటి సరిచేస్తే ఇంకోటి కదులుతుంది. ఒంటి అంచు దగ్గర పలక పైన మెడ లేచి ఉండే ఎత్తు 6 నుంచి 6.5.


ఉలిదెబ్బ | జులై 5, రాత్రి 9:30

ఈ తక్కెడ లెక్క నాకు ఇన్నాళ్లూ తెలియదు. వీణ దండి విషయంలో ఊరికే కంటితో చూసి చేశాను. తమ్ముడూ, ఒక్క మాట: ఉలి రోజూ నూరు. అర మిల్లీమీటరు పొర తీయాలంటే ముంజేతి వెంట్రుక గీసేంత వాదర ఉండాలి. మొద్దు ఉలితో బలం పెడితేనే చేయి జారుతుంది.


మూడో_తీగ | జులై 27, రాత్రి 10:00

పార్సిల్‌లో వచ్చిన మూడు తలలు. మొదటిది చీల్చేశాను, ఉలిదెబ్బ అన్న చెప్పినట్టే, పెగ్‌బాక్స్ గోడ పగిలింది. రెండోది కూర్చుంది కానీ అడుగున సందు మిగిలింది. మూడోదానికి అయిదు సాయంత్రాలు పట్టింది. ఇరవై మూడు సార్లు సుద్ద రాశాను. దీపం వెనక పెట్టి చూస్తే వెలుతురు రాలేదు. ఫొటోలు పెట్టాను.

ఒక ఇంటి సమస్య. తోలు జిగురు పలుకులు తెచ్చాను. మాది మాంసం ముట్టని ఇల్లు. అది దేనితో చేస్తారో జేజికి చెప్పకుండా ఇంట్లో ఉడికించడం నాకు ఇష్టం లేదు. తెల్ల జిగురు వాడితే మళ్లీ జారుతుందని భయం.


శ్రుతిపెట్టె | జులై 28, ఉదయం 6:30

బాబూ, చెప్పే చేయండి. పెద్దవాళ్లకు చెప్పే విధంగా చెబితే అర్థం చేసుకుంటారు. మృదంగానికి రెండు పక్కలా ఉన్నది తోలే కదా, అది గుడిలో మోగుతూనే ఉంది. మీ తాతగారి వయొలిన్ మొదట కట్టింది కూడా ఆ జిగురుతోనే అయి ఉంటుంది.


ఉలిదెబ్బ | జులై 28, ఉదయం 7:00

మా తాత దాన్ని వజ్రం అనేవాడు. బంగారు రంగు పలుకులు, రాత్రి నానబెట్టి పొద్దున కాచేవాడు. వాసన వస్తుంది, వరండాలో పెట్టుకో.


మైలాపూర్_తిరుపతోడు | జులై 28, ఉదయం 10:20

మూడో తల ఫొటో చూశాను. పెద్దది చేసి చూశాను. ఇక తాతగారిది చేయండి.

జిగురు గిన్నెను వేడి నీళ్ల గిన్నెలో పెట్టి 60 డిగ్రీల దగ్గర ఉంచండి, మరగనివ్వకండి, మరిగితే బలం పోతుంది. చల్లారితే గడ్డకడుతుంది కాబట్టి మీకు దొరికేది నిమిషం లోపు. జిగురు లేకుండా క్లాంపులు పెట్టి తీయడం పది సార్లు అలవాటు చేసుకోండి. అతికే ముందు రెండు చెక్కలనూ హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేయండి. ఈ జిగురు జారదు, కానీ వేడి, తడి తగిలిస్తే విడిపోతుంది. రేపు ఎవరైనా మళ్లీ రిపేరు చేయాల్సి వస్తే ఒళ్లు పగలకుండా విప్పుకోగలుగుతారు. అలాగే ఎండలో నిలిపిన కారులో వయొలిన్ ఎప్పుడూ వదలకండి.

పాత ఫింగర్‌బోర్డు మళ్లీ వాడే ముందు అడుగు భాగాన్ని స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్దండి. నలుపు అంటితే అది రంగేసిన చెక్క. అంటకపోతే ఎబొనీ అయి ఉండొచ్చు, ఉంచుకోండి.


మూడో_తీగ | జులై 28, రాత్రి 9:15

జేజికి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, మీ తాత తీగలకు వాడింది మాత్రం ఏమిటి, ఆ రోజుల్లో గొర్రె పేగు తీగలు కూడా ఇంట్లో ఉండేవి, అంది. వరండాలో చేసుకోమంది.

దూదికి నలుపు అంటలేదు.


మూడో_తీగ | సెప్టెంబరు 8, రాత్రి 8:50

ఆలస్యానికి క్షమించండి. ఆగస్టు అంతా ఇదే పని, ఆఫీసు నుంచి వచ్చాక రోజుకు గంటన్నర.

తాత తల ముందు పెట్టుకున్న రోజు రంపం పట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. కోశాక మాత్రం చేయి వణకలేదు. గ్రాఫ్ట్ అతుకు మూడు వారాలు తిన్నది. అతుకు ఆరాక పాత బిరడల రంధ్రాలు పూడ్చి, 30కి 1 వాలు రీమర్ (రంధ్రాన్ని ఏటవాలుగా తొలిచే పనిముట్టు) అరువు తెచ్చుకుని కొత్తగా తొలిచాను. మడమ అతుకు నాలుగు రోజుల్లో కుదిరింది. మామిడి చెక్కలు రెండూ దానికి ముందే నాకు నేర్పేశాయి. స్క్రోల్‌ను గరుకు కాగితంతో ముట్టుకోలేదు, తాత పాదం ఆనిన పక్క ఎలా ఉందో అలాగే ఉంది. మెడ వెనక అవిసె నూనె మాత్రం, మూడు పూతలు, తుడిచేస్తూ.

తీగలు లేకుండా బ్రిడ్జి దగ్గర ఎత్తు 27.5. మొదటి రోజు సగం బిగించి వదిలేశాను. నాలుగో రోజుకు తాత శ్రుతికి, ఒకటో కట్టెకు (ఒకటో శ్రుతికి) తెచ్చాను. ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఎత్తు 27 దగ్గర నిలిచింది, రోజూ కొలిచి గోడ మీద రాస్తున్నాను.


మైలాపూర్_తిరుపతోడు | సెప్టెంబరు 8, రాత్రి 9:20

తీగల లాగుడుకు అర మిల్లీమీటరు దిగడం మామూలే. ఇంకో నెల కొలవండి, తర్వాత వానాకాలంలో నవంబరులో ఒకసారి. గ్రాఫ్ట్ గీత ఫొటోలో నాకు కనిపించలేదు, ఎటు పక్క తీశారు?


మూడో_తీగ | సెప్టెంబరు 8, రాత్రి 9:25

రెండు పక్కలా తీశాను అన్నా. రెండో ఫొటోలో ఎడమ పెగ్ కింద సన్నగా ఉంటుంది.


శ్రుతిపెట్టె | సెప్టెంబరు 14, మధ్యాహ్నం 3:40

నిన్న సాయంత్రం వారి ఇంటికి వెళ్లి వచ్చాను. తోడి ఆలాపన పట్టాను. మంద్రం నుంచి తారస్థాయి పంచమం దాకా బొటనవేలికి ఎక్కడా ఏమీ తగల్లేదు. పాదం మీద తల నిలిచింది, జారలేదు. నాదం కొంచెం బిగుసుకుని ఉంది, వాయించగా తెరుచుకుంటుంది. జేజిగారు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని మొత్తం విన్నారు. మధ్యలో ఒకసారి లేచి వచ్చి స్క్రోల్ ఎటు పక్క ఆనించానో చూసి వెళ్లి కూర్చున్నారు.

ఒక్కటి సరిచేయాలి బాబూ. నట్ దగ్గర మూడో తీగ ఎత్తుగా ఉంది. మొదటి వేలితో శుద్ధ రిషభం నొక్కితే శ్రుతి పైకి పోతోంది.


మూడో_తీగ | సెప్టెంబరు 14, రాత్రి 10:05

ఇప్పుడే సన్న ఆకురాయితో నట్ గాడి రెండు గీతలు దించాను అమ్మా. మూడో తీగ కింద విజిటింగ్ కార్డు ఒకటి దూరుతుంది, రెండు దూరవు. రేపు పొద్దున మళ్లీ శ్రుతి చేసి రిషభం రికార్డు చేసి పెడతాను, విని చెప్పండి.